నిద్ర నేర్చిన వడ్లు

ధనుంజయ్ వడ్లు మొలవలేదు.

దివిపాడు వరి పరిశోధన కేంద్రంలో ఆ ఉదయం అందరి మండెలూ విప్పారు. విత్తనం నానబెట్టి, గోనెసంచిలో కట్టి, పైన తడిగడ్డి కప్పి బరువు పెడితే లోపల వేడి పుట్టి గింజ మొలకెత్తుతుంది. దాన్నే మండె కట్టడం అంటారు. ఆ మొలకలనే నారుమడిలో చల్లుతారు. ఏ సంచి మూతి విప్పినా గింజలన్నీ తెల్లటి ముక్కులు బయటపెట్టి, బడి వదిలిన పిల్లల్లా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

ధనుంజయ్ సంచి విప్పితే లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కూలీల మేస్త్రి రత్తమ్మ చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు తీసింది. అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది.

"ఇయ్యి వడ్లేనా బాబూ? గులకరాళ్ళు గానీ నానబెట్టారా?"

పక్కనున్న ఆడకూలీలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ధనుంజయ్ ముఖం కందగడ్డ అయింది.

"ఇంకో రోజు చూద్దాం. మూతి కట్టెయ్," అన్నాడు.

ఇంకో రోజు చూశారు. ఆ తర్వాతి రోజూ చూశారు. వడ్లు నానాయి, ఉబ్బాయి, కాస్త పులిసిన వాసన కూడా వేశాయి. మొలక మాత్రం రాలేదు.

ఇందులో ఏడవాలో నవ్వాలో తెలియని సంగతి ఒకటుంది. ఆ వడ్లు మొలవకుండా ఉండటం కోసమే ధనుంజయ్ ఏళ్ళ తరబడి ఒళ్ళు హూనం చేసుకున్నాడు.

దీనికంతటికీ మూలం ఒక తుఫాను. అప్పటికి ధనుంజయ్ ఇంకా కాలేజీలో చదువుతున్నాడు. కోసి పనలు వేసిన చేల మీద వాన పట్టుకుని, వదలకుండా కురిసి, ఒక పొద్దున వెలిసింది. మేనమామ వెంట చేను చూడటానికి వెళ్ళాడు. పనల మీది కంకులన్నిటికీ పచ్చగా మీసాలు వచ్చి ఉన్నాయి. గింజ కంకిలో ఉండగానే మొలిచేసింది. ఎవరో ఉప్పునీళ్ళు చల్లమన్నారు. మామయ్య చల్లాడు. కానీ మొలిచిన గింజను ఉప్పు మాత్రం ఏం చేస్తుంది? మిల్లు వాడు గుప్పెడు చూసి, "కోళ్ళకి వేసుకోండి" అని వెళ్ళిపోయాడు.

మామయ్య గట్టు మీద కూర్చుని, ఒక కంకి తెంపి, దాని మీసాలు ఒక్కొక్కటే పీకుతూ చాలాసేపు ఉండిపోయాడు. ఆ పీకుతున్న వేళ్ళు ధనుంజయ్‌ని తర్వాత ఎప్పుడూ వదల్లేదు. వానకు మొలవని వడ్లు పుట్టించి ఆ చేతిలో పెట్టాలని అప్పుడే అనుకున్నాడు.

అలా వచ్చి పరబ్రహ్మం గారి దగ్గర శిష్యుడిగా చేరాడు.

పరబ్రహ్మం గారు వరి వంగడాల్లో పేరుమోసిన మనిషి. రిటైరై చాలా కాలమైనా ఆయన కేంద్రాన్ని వదల్లేదు, కేంద్రం ఆయన్ని వదల్లేదు. మాటల పొదుపరి. పాఠం చెప్పమంటే చేలోకి తీసుకెళ్ళి నిలబెట్టి, సాయంత్రం దాకా ఏమీ చెప్పకుండా తీసుకొచ్చేవారు.

ఆయనలో ధనుంజయ్‌కి నచ్చనిది ఒక్కటే. పగటి నిద్ర.

భోజనం కాగానే ఆయన కళ్ళం పక్క వసారాలో పడక కుర్చీ వాల్చుకునేవారు. ఎదురుగా బరకాల మీద విత్తనం ఎండుతూ ఉండేది. అలాంటి కుర్చీ కేంద్రం మొత్తానికి అదొక్కటే. ఆయన లేనప్పుడు కూడా అందులో కూర్చునే ధైర్యం డైరెక్టరుకే లేదు. ఇంత గొప్ప మనిషికి ఇదేం అలవాటని శిష్యుడు లోలోపల సిగ్గుపడేవాడు. ఆ వేళకు ఎవరైనా ఆయన కోసం వస్తే, "గురువుగారు ఆలోచనలో ఉన్నారండీ" అని చెప్పేవాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి గురక మొదలయ్యేది.

ఇక వడ్ల సంగతి. విత్తనంలో దాన్ని నిద్ర లేపే జన్యువు ఒకటి ఉంటుంది. ఇంటి కోడిపుంజు లాంటిదనుకోండి. తడి తగిలితే చాలు, కూసి గింజను లేపేస్తుంది. కంకిలో ఉన్నావా, నారుమడిలో ఉన్నావా అని అడగదు. ధనుంజయ్ జన్యువుల కత్తెర పట్టుకుని ఆ పుంజు జోలికి వెళ్ళాడు. చివరికి రెండు రకాలు తేలాయి. ఒకదాంట్లో పుంజు గొంతు పూర్తిగా తెగింది. రెండోదాంట్లో గొంతు బొంగురుపోయింది, అంతే. కూస్తుంది గానీ ఆలస్యంగా, నీరసంగా కూస్తుంది.

వానాకాలపు పంట సార్వా కోతలప్పుడు రెండింటి పనలనూ, మామూలు వడ్ల పనలనూ గుడారంలో పేర్చి, గొట్టాలతో ఎడతెగని వాన కురిపించారు. మామూలు వడ్లు మూడో రోజుకే మీసాలు పెట్టాయి. బొంగురు గొంతు రకం వారం పైన ఓర్చుకుని, ఆ తర్వాత అక్కడక్కడా మొలిచింది. మొదటి రకం ఎన్నాళ్ళు తడిపినా దున్నపోతు మీద వాన కురిసినట్టే. మోటారు కాలిపోయింది గానీ గింజ కదల్లేదు.

ధనుంజయ్ కాళ్ళు నేల మీద ఆనలేదు. దానికి 'నిశ్చల' అని పేరు పెట్టాడు. ఏ తుఫానూ వారం రోజుల పాటు కురవదు కదా అని ఎవరో అంటే, "కురిస్తే?" అని ఎదురడిగాడు. రెండో రకానికి పేరు కూడా పెట్టలేదు. ఒక రేకు డబ్బాలో పోసి, స్టోరు గదిలో అడుగు అరలోకి తోసేశాడు.

కేంద్రంలో వాళ్ళందరినీ పిలిచి నిశ్చల గొప్పతనం గురించి గంటసేపు మాట్లాడాడు. పరబ్రహ్మం గారు చివరి వరుసలో కూర్చుని అంతా విన్నారు.

"బాగా పడుకోబెట్టావురా," అన్నారు లేచి. భోజనాల వేళ అయింది. ఆయన కూడా వెళ్ళి పడుకున్నారు.

అంతకు ముందు నిశ్చల విత్తనాన్ని ప్రతిసారీ అల్మారాలో నెలల తరబడి ఉంచి, మళ్ళీ వానాకాలానికే విత్తేవాళ్ళు. అన్నాళ్ళు మాగిన గింజ తనంతట తానే లేచేది. అది తన గొప్పే అనుకున్నాడు ధనుంజయ్. కానీ డెల్టా రైతు అన్నాళ్ళు ఆగడు. సార్వాలో కోసిన వడ్లనే ఎండబెట్టి, వెంటనే వచ్చే రెండో పంట దాళ్వాకు మండె కడతాడు. కేంద్రంలో కూడా ఈసారి అలాగే కట్టారు. నిశ్చల తన పేరు నిలబెట్టుకుంది.

డైరెక్టరు జోగారావు గారు కబురు పెట్టారు.

"ఏమయ్యా, నీ ప్రయోగానికని కంచె వేసిచ్చిన మడి ఖాళీగా ఉందేం?"

"రేపో మాపో మొలుస్తుంది సార్."

"ఇప్పుడు నారు పోయకపోతే అదను దాటిపోతుంది. పంట మీదుండగా పని చూడటానికి పెద్దల బృందం వస్తుంది. ఖాళీ మడి చూపిస్తావా వాళ్ళకి? చూడటానికి ఏమీ లేదని రాసి పోతారు. నీ పనికి అక్కడితో మంగళం. వచ్చే వారం చివరికి నీ మడిలో పచ్చగా కనబడాలి. లేకపోతే పక్క స్కీము వాళ్ళకి ఇచ్చేస్తా. తర్వాత నన్ను అనుకోవద్దు."

ధనుంజయ్ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. గట్టు మీద కూర్చున్న మామయ్య గుర్తొచ్చాడు.

ఆ రోజు నుంచి నిశ్చలను లేపడానికి అతను పడని పాట్లు లేవు. మొండి విత్తనాన్ని నత్రికామ్లం కలిపిన నీళ్ళలో నానబెడితే లేస్తుందంటారు. నానబెట్టాడు. కొన్ని గింజలు నల్లబడ్డాయి గానీ లేవలేదు. ఎండలో పోశాడు. ఓవెన్‌లో పెట్టాడు. ఫ్రిజ్‌లో పెట్టాడు. ఫ్రిజ్ లోంచి తీసి మళ్ళీ ఓవెన్‌లో పెట్టాడు. వేణ్నీళ్ళు పోసి, గొంగళి కప్పి, పురిటి బిడ్డను చూసినట్టు గంటగంటకూ విప్పి చూశాడు.

"మీరట్టా మాటిమాటికీ విప్పితే దానికి నిద్ర చెడుద్దేమో బాబూ," అంది రత్తమ్మ.

"దాని నిద్ర చెడాలనే కదమ్మా నా తంటా!" అని అరిచాడు ధనుంజయ్.

ఇక దారి కనిపించలేదు. గురువుగారి కాళ్ళ మీద పడి, 'మీరే ఏదో ఒకటి చెప్పండి' అని అడగడం ఒక్కటే మిగిలింది. అడగాలంటే చిన్నతనంగానే ఉంది. గంటసేపు ఉపన్యాసం ఇచ్చిన నోరు కదా. ఆ చిన్నతనాన్ని పొద్దుటి నుంచీ మింగుతూ, మింగుతూ, చివరికి బయల్దేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

పరబ్రహ్మం గారు పడక కుర్చీలో ఉన్నారు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. గుండెల మీద ఫోను, దాని మీద కళ్ళజోడు, రెండూ ఊపిరితో పాటు పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఎదురుగా కళ్ళంలో ఆయన సొంత విత్తనం బరకాల మీద పల్చగా ఎండుతోంది. వసారా చివర రత్తమ్మ క్యారియరు విప్పుకుని ఉల్లిపాయ కొరుకుతోంది.

ధనుంజయ్ గొంతు సవరించుకున్నాడు.

"గురువుగారూ."

గురక ఏమాత్రం తగ్గలేదు.

"గురువుగారూ!" ఈసారి పక్క గదిలో గుమాస్తా తల బయటికి పెట్టి చూశాడు. పరబ్రహ్మం గారికి చీమ కుట్టినట్టయినా లేదు.

ధనుంజయ్ అటూ ఇటూ చూసి, రత్తమ్మ పక్కనున్న ఇనప తట్ట తీసి, ప్రమాదవశాత్తూ అన్నట్టు గచ్చు మీద పడేశాడు. చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. గురువుగారు పెదాలు చప్పరించి మళ్ళీ సర్దుకున్నారు.

"ఆయన్ని లేపటం మీ వల్ల గాదు బాబూ," అంది రత్తమ్మ నములుతూ. "మొన్న ఆ తాటిచెట్టు మీద పిడుగు పడింది గందా. మేమంతా చెవులు మూసుకుని పరిగెత్తాం. పెద్దయ్యగారు పక్కకి తిరిగి పడుకున్నారు."

ధనుంజయ్ తన ఫోను తీసి ఆయన ఫోనుకి చేశాడు. గుండెల మీద సన్నాయి మేళం మోగింది. కళ్ళజోడు గడగడలాడింది. పెళ్ళిలో మంగళసూత్రం కట్టే వేళ వాయించే మేళమది, పీనుగైనా లేచి అక్షింతలు వేస్తుంది. పరబ్రహ్మం గారు లేవలేదు. ఇంతలో అవతల నూర్పిడి మిషను మొదలైంది. జోగారావు గారి జీపు వచ్చి గేటు దగ్గర హారను మోత మోగించింది. ధనుంజయ్ తెగించి కుర్చీ పట్టుకుని ఊపాడు. గురువుగారి గురక ఇంకా హాయిగా సాగింది. ఉయ్యాల ఊపినట్టయింది మరి.

అతని ఓపిక అయిపోయింది. ఒళ్ళు మండింది కూడా. వడ్లు లేవవు, గురువు లేవడు, ఎవర్ని లేపుకుంటూ తిరగాలి? చుట్టూ తిరిగి వెళ్ళే నిదానం లేక కళ్ళానికి అడ్డం పడి, బరకం అంచు మీద ఒక అడుగు వేశాడు. కాలికింద గింజలు సన్నగా కరకరమన్నాయి. ఆ నూర్పిడి మిషను రొదలో అది అతనికే సరిగ్గా వినబడలేదు.

"చెప్పులు."

ధనుంజయ్ కాలు గాల్లోనే ఆగిపోయింది.

విత్తనాల మీద చెప్పులతో నడవకూడదన్నది ఆ కళ్ళంలో అందరికీ తెలిసిన మర్యాద. డైరెక్టరైనా సరే అంచు దగ్గర విప్పాల్సిందే. ధనుంజయ్ కూడా ఎప్పుడూ తప్పలేదు, ఆ ఒక్క అడుగు తప్ప. మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. పరబ్రహ్మం గారి కళ్ళు మూసుకునే ఉన్నాయి.

"చెప్పులు విప్పి నడవరా," అన్నారాయన మళ్ళీ.

ధనుంజయ్ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, కాలుతున్న గచ్చు మీద గంతులేస్తూ కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"మీరు మెలకువగానే ఉన్నారా గురువుగారూ?"

"లేదురా. మంచి నిద్రలో ఉన్నాను." ఆయన కళ్ళు తెరిచి, కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నారు.

"మరి నేనెంత గోల చేశానండీ! తట్ట పడేశాను. ఫోను మోగించాను. కుర్చీ ఊపాను. డైరెక్టరు గారు హారను కొట్టారు."

"అవునా?" పరబ్రహ్మం గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఎప్పుడు?"

రత్తమ్మకు పొలమారింది.

"వాటికి వేటికీ లేవనివారు ఒక్క అడుగుకి ఎలా లేచారు?"

"తట్ట పడితే నాకేం పోయిందిరా? అక్కడ విత్తనం నలుగుతోంది."

ఆయన చెయ్యి చాపారు. ధనుంజయ్‌కి అర్థం కాలేదు. చివరికి ఆయనే అతని చేతిలోంచి కుడికాలి చెప్పు తీసుకుని, తిరగేసి, అడుగున గాడుల్లో ఇరుక్కున్న గింజలను చీపురు పుల్లతో ఒక్కొక్కటే బయటికి తీశారు. శిష్యుడి చెప్పు గురువు చేతిలో ఉండటం చూడలేక ధనుంజయ్ "అయ్యో, అయ్యో" అంటూనే ఉన్నాడు. ఆయన వినిపించుకోలేదు. గింజల దుమ్ము ఊది, లేచి, ఒట్టి కాళ్ళతో వెళ్ళి, వాటిని బరకం మీద మిగతావాటితో కలిపేసి వచ్చారు. మళ్ళీ కుర్చీలో వాలారు.

"లేవని నిద్రని నిద్ర అనరురా," అన్నారు కళ్ళు మూసుకుంటూ. "సరే గానీ, టీ వేళకి లేపు."

"ఎలా లేపనండీ!" అన్నాడు ధనుంజయ్ ఏడుపు గొంతుతో.

"లేపక్కర్లేదు. టీ వస్తే చాలు."

గురక అందుకుంది.

ధనుంజయ్ చెప్పులు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తాను వచ్చిన పని గురువుగారికి చెప్పనేలేదని అప్పుడు గుర్తొచ్చింది. అడగబోతుంటే, ఆలస్యంగానైనా కూసే ఆ బొంగురు గొంతు పుంజు మనసులో మెదిలింది.

చెప్పులు వసారాలోనే మరిచిపోయి స్టోరు గదికి నడిచాడు. అడుగు అరలోకి వంగి, చేతికి అందినంత దూరం చెయ్యి పెట్టి తడిమాడు. రేకు డబ్బా ఇంకా అక్కడే ఉంది. మూత మీద మందంగా దుమ్ము పట్టి ఉంది. దాన్ని చొక్కాతోనే తుడిచి, గుండెలకు ఆనించుకుని బయటికి తెచ్చాడు.

కళ్ళంలో ఒక మూల చిన్న బరకం పరిచి బొంగురు గొంతు వడ్లు పోశాడు. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆపై రెండు పూటలూ ఎండలోనే కూర్చుని కాళ్ళతో తిరగతోడాడు. పిచ్చుకల్ని తోలాడు. ముక్కు మీద తోలు లేచిపోయింది. ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. ధనుంజయ్ మాట్లాడకపోవడం చూసి కేంద్రంలో వాళ్ళు జ్వరమేమో అనుకున్నారు. తర్వాత నానబెట్టి, రత్తమ్మ చేత మండె కట్టించాడు. ఈసారి గంటగంటకూ విప్పి చూడలేదు.

విప్పే పొద్దున జోగారావు గారు కూడా వచ్చి నిలబడ్డారు. రత్తమ్మ సంచి మూతి విప్పి, లోపలికి చూసి, ముఖం పక్కకు తిప్పుకుంది. ధనుంజయ్ ఒక్క అంగలో సంచి దగ్గరికి వచ్చాడు.

"ఏమైందమ్మా?"

"ఏమవుద్ది బాబూ. లోపల పేరంటం జరుగుతోంది. మీరే చూసుకోండి."

గింజ గింజకూ తెల్లటి ముక్కు. వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. ధనుంజయ్ రెండు చేతులూ లోపలికి దూర్చి, అలా ఉంచేశాడు. అతనికి ఏడుపొచ్చింది. దాచుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా లేవు కాబట్టి అందరి ముందే ఏడ్చాడు.

ఆ దాళ్వాలో కంచె మడి నిండుగా పండింది. బృందం వచ్చి చూసి, తలలూపి, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళింది. పని మూసేయమని ఎవరూ రాయలేదు.

తీరా కోసి పనలు వేశాక అకాల వాన పట్టుకుంది. చుట్టుపక్కల చేలల్లో మళ్ళీ పచ్చ మీసాలు కనబడ్డాయి. ధనుంజయ్ మామయ్యకు ఫోను చేశాడు. ఆయన బస్సు దిగి నేరుగా మడి దగ్గరికి వచ్చాడు. గొంతుక్కూర్చుని ఒక పన ఎత్తి, కంకి తర్వాత కంకి తిరగేసి, ముక్కుకి ఆనించుకునేంత దగ్గరగా పెట్టుకుని వెతికాడు. వేళ్ళకు పీకడానికి ఏమీ దొరకలేదు.

"ఏం లేవేరా!" అన్నాడు. ఇంకో పన ఎత్తాడు. అందులోనూ లేవు.

పనలు ఆరాక నూర్చారు. ఎండకు పోశాక గుప్పెడు తీసి మండె కట్టి చూస్తే ఠంచనుగా లేచాయి.

ఆ ఎండల్లోనే ఒక రోజు రత్తమ్మ మొక్కలకు వల కప్పిన గది వైపు నుంచి కేకలేస్తూ వచ్చింది. "బాబూ! మీ రాళ్ళు లేచినయ్!" అక్కడ ఒక మూల బక్కెట్లో ధనుంజయ్ మరిచిపోయిన నిశ్చల వడ్లు, విస్తళ్ళు ఎత్తేశాక వచ్చిన చుట్టాల్లా, మొలకలు వేసుకుని తీరిగ్గా కూర్చుని ఉన్నాయి.

కళ్ళంలో కొత్త పంట ఎండుతున్న ఒక మధ్యాహ్నం, రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. వానకు మొలవని వడ్ల కుర్రాడిని చూడాలన్నారు. జోగారావు గారు ఆయన్ని హడావిడిగా కళ్ళం దగ్గరికి తీసుకొచ్చారు.

వసారాలో పడక కుర్చీలో పరబ్రహ్మం గారు నిద్రపోతున్నారు. ఆ పక్కన ఖాళీ గోనెల దొంతి మీద, కాళ్ళు ముడుచుకుని, చెయ్యి తలకింద పెట్టుకుని ధనుంజయ్ నిద్రపోతున్నాడు.

"ధనుంజయ్!" అన్నారు జోగారావు గారు. తర్వాత గట్టిగా, ఆ తర్వాత ఇంకా గట్టిగా అన్నారు. చప్పట్లు కొట్టారు. అధికారి వైపు తిరిగి, "ఆలోచనలో ఉన్నట్టున్నాడండీ" అన్నారు. గోనెల మీద నుంచి గురక వినబడింది.

"అబ్బే, ఆ పిల్లాణ్ణి లేపటం మీ వల్ల గాదండీ," అంది రత్తమ్మ క్యారియరు మూత తీస్తూ.

"నేను లేపుతానుండు," అని అధికారి నవ్వుతూ ముందుకు కదిలారు. దగ్గరి దారి కళ్ళానికి అడ్డం పడి ఉంది. మెరుస్తున్న బూటు ఒకటి బరకం అంచు మీద పడింది. గింజలు సన్నగా కరకరమన్నాయి.

"చెప్పులండీ," అన్నాడు ధనుంజయ్. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

అధికారి కాలు గాల్లో ఆగిపోయింది. ఆయన జోగారావు గారి వైపు చూశారు. జోగారావు గారు బూటు వైపు చూశారు. కాసేపటికి అధికారి, డైరెక్టరు భుజం ఆసరాగా పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి లేసులు విప్పుకోవడం మొదలుపెట్టారు.

పడక కుర్చీలోంచి పరబ్రహ్మం గారి గొంతు వినిపించింది.

"రత్తమ్మా, ఇంకో పడక కుర్చీ తెప్పించు."